కాలేజీ బాస్కెట్‌బాల్ గేమ్‌లో రిక్రూటింగ్: ఏ కాలేజీ దారి ఆ కాలేజీదే (ప్రాజెక్టు డైరీ)

పని ఎక్కడిదాకా వచ్చింది

మేం రాస్తున్న కాలేజీ బాస్కెట్‌బాల్ కంప్యూటర్ గేమ్‌లో మ్యాచ్‌లను నడిపే ఇంజిన్ ఒక కొలిక్కి వచ్చింది. ఇప్పుడు చేతిలో ఉన్నది రిక్రూటింగ్, అంటే హైస్కూలు కుర్రాళ్లను కాలేజీ జట్టులోకి రప్పించుకోవడం. గ్రాఫిక్స్ ఉండవు, అంతా అంకెలూ పట్టికలే. ఆడేవాళ్లు కోచ్ కుర్చీలో కూర్చుంటారు. అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన పురుషుల డివిజన్ 1 మొత్తం, అంటే 31 కాన్ఫరెన్సులూ (కాలేజీల గుంపులు) 360కి పైగా కాలేజీలూ, 2025-26 సీజన్ నుంచి మొదలవుతాయి. కోడ్ పైథాన్‌లో, డేటా ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో.

పెద్ద కంపెనీలు కాలేజీ బాస్కెట్‌బాల్ గేములు ఆపేసి చాలా ఏళ్లయింది. 2007లో కాలేజ్ హూప్స్ 2కే8, 2009లో ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ 10 వచ్చాయి. ఆ రెండు సిరీస్‌లూ అక్కడితో ఆగిపోయాయి. గేమ్‌లో తన పోలికలు వాడుకున్నారని యూసీఎల్ఏ మాజీ ఆటగాడు ఎడ్ ఒబానన్ 2009లోనే కోర్టుకెక్కాడు. అందుకే ఇక్కడ ఆటగాళ్లందరూ కల్పితమే. పేరు, ఊరు, ఎత్తు, ఆట తీరు అన్నీ ప్రోగ్రామ్ పుట్టించినవే.

ఈ భాగానికి పెట్టుకున్న నియమం ఒక్కటే. కాలేజీల మధ్య తేడా ‘ప్రతిష్ఠ’ అనే ఒక్క అంకెలో ఉండకూడదు. అలా ఉంటే పెద్ద పేరున్న కెంటకీ అంటే సులువు, చిన్న కాలేజీ ముర్రే స్టేట్ అంటే కష్టం, అంతే. రెండింటితోనూ ఒకే ఆట ఆడుతున్నట్టు ఉంటుంది. ఒక కాలేజీ ఎవరిని పిలవగలదు, ఏం ఇవ్వగలదు, ఎప్పుడు ఇవ్వగలదు అన్న చోటే తేడా పుట్టాలి.

పట్టికలు

ప్రతి ఏడాదీ 1,600 మంది హైస్కూలు కుర్రాళ్లను పుట్టిస్తున్నాం. ఒక్కొక్కరికి ప్రతి కాలేజీ మీదా ‘ఆసక్తి’ వరస పెడితే 365 కాలేజీలకు 5,84,000 వరసలవుతాయి. వారం వారం అన్నింటినీ తిరగరాయడం అనవసరం, నెమ్మది కూడా. అందుకని ఒక్కో కుర్రాడికి గరిష్ఠంగా 25 కాలేజీలే ఉంచాం. 40,000 వరసల్లో పని అయిపోతుంది. కొత్త కాలేజీ సంప్రదిస్తే అడుగున ఉన్నది పోయి ఇది చేరుతుంది. ఆటగాడి నంబరు, కాలేజీ నంబరు రెండూ కలిపి ఒక ఇండెక్సు వేయడం మరిచిపోకూడదు. అది లేకపోతే వెతుకులాటకే వారం గడుస్తుంది.

కాలేజీ పట్టికలో స్కాలర్‌షిప్ పరిమితికి ఒక గడి, జట్టు పరిమితికి వేరే గడి ఉండాలి. 2024-25 దాకా 13 స్కాలర్‌షిప్‌లు అన్నది అందరికీ ఒకటే లెక్క. హౌస్ కేసు ఒప్పందం (కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వచ్చన్న కోర్టు ఒప్పందం) తర్వాత 2025-26 నుంచి ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు జట్టులో 15 మందే పరిమితి, కావాలంటే అందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. చేరనివాళ్లకు పాత 13 లెక్కే. ఐవీ లీగ్‌కు (హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి కాలేజీల కాన్ఫరెన్సు) సున్నా. ఈ రెండు గడులనూ ఒకటి చేస్తే ఆ తర్వాత వచ్చే లెక్కలన్నీ తప్పుతాయి.

కంటికి కనిపించే రేటింగ్, లోపల ఉన్న రేటింగ్

ప్రతి కుర్రాడికీ 100లో అసలు సత్తా ఒకటి ఉంటుంది. అది ఎవరికీ కనిపించదు. కనిపించేది సత్తాకు కొంత పొరపాటు కలిపిన అంకె. ఆ పొరపాటు అందరికీ ఒకేలా పెడితే గేమ్ చప్పగా ఉంటుంది. ఎందుకంటే నిజంలో పొరపాటు కుర్రాడు ఎంతమంది కంట పడ్డాడన్నదాన్ని బట్టి ఉంటుంది. నైకీ నడిపే ఈవైబీఎల్ లాంటి వేసవి పోటీల్లో ఆడినవాణ్ణి దేశంలో కోచ్‌లందరూ చూసేసి ఉంటారు, వాడికి పొరపాటు 3. రాష్ట్రంలో ఓ మాదిరి జట్టులో ఆడేవాడికి 7. మారుమూల పల్లెలోవాడికి, విదేశీ కుర్రాడికి 10.

ఈ ఒక్క సవరణతో చిన్న కాలేజీలకు ప్రాణం వచ్చింది. స్టెఫెన్ కర్రీ డేవిడ్‌సన్‌కు, డేమియన్ లిలార్డ్ వీబర్ స్టేట్‌కు, జా మొరాంట్ ముర్రే స్టేట్‌కు వెళ్లింది పెద్ద కాలేజీలు వాళ్లను సరిగ్గా అంచనా వేయకపోవడం వల్లే. తర్వాత ముగ్గురూ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి పదిలోపే పోయారు: కర్రీ 2009లో 7వ స్థానం, లిలార్డ్ 2012లో 6, మొరాంట్ 2019లో 2. గేమ్‌లో చిన్న కాలేజీ కోచ్ వెతకాల్సింది ఇలాంటివాళ్లనే. కనిపించే రేటింగ్ 62, పొరపాటు 10 ఉన్నవాళ్లు. రేటింగ్ 68, పొరపాటు 3 ఉన్నవాణ్ణి పట్టుకుంటే 68 చుట్టుపక్కలే వస్తుంది, అంతకు పెద్దగా మించదు.

స్కౌటింగ్ (కుర్రాళ్ల ఆట చూసి అంచనా కట్టడం) లెక్క ఇది: ప్రతి చూపూ ఒక కొలత. పొరపాటు కొలతల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. 10 కాస్తా 5కి దిగాలంటే మొదటి అంచనాతో కలిపి 4 కొలతలు కావాలి. 2.5కి దిగాలంటే 16. కాబట్టి ఒకే కుర్రాణ్ణి పదే పదే చూడటం దండగ. ఒక్కొక్కణ్ణి మూడేసిసార్లు చూసి, ఎక్కువమందిని చూడటమే లాభం.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, జాబితాలో పైన ఉన్నవాళ్లలో ఎక్కువమంది అదృష్టవశాత్తూ పొరపాటు పైకి పడ్డవాళ్లే అవుతారు. వాళ్లు జట్టులోకి వచ్చాక అందరూ అనుకున్నదానికంటే తక్కువ ఆడుతుంటే, ఆడేవాళ్లకు గేమ్ మోసం చేసినట్టు అనిపిస్తుంది. అందుకే చూపించే అంకెను పొరపాటు ఎంత ఉంటే అంత సగటు వైపు లాగి చూపించాలి. రెండోది, పొరపాటును ప్రతిసారీ కొత్తగా పుట్టిస్తే సేవ్ చేసి మళ్లీ తెరిచి మంచి అంకె వచ్చేదాకా ఆడుకోవచ్చు. ఆటగాడు, కాలేజీ జంటను బట్టి సీడ్ (యాదృచ్ఛిక అంకెలు పుట్టడానికి మొదట ఇచ్చే విలువ) స్థిరంగా ఉండాలి. దానికి పైథాన్‌లో మామూలు హ్యాష్ ఫంక్షన్ (అక్షరాలను అంకెగా మార్చేది) పనికిరాదు. అక్షరాల మీద అది ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ వేరే విలువ ఇస్తుంది. దాని బదులు సీఆర్‌సీ32 అనే లెక్క వాడితే ఎప్పుడూ ఒకే విలువ.

ఎత్తు కూడా 17 ఏళ్లకే ఆగిపోకూడదు. ఆంథొనీ డేవిస్ హైస్కూల్లో గార్డుగా (బుట్టకు దూరంగా బంతి నడిపే స్థానం) ఆడుతూ పొడుగు పెరిగి, బుట్ట దగ్గర ఆడే పొడగరుల స్థానానికి మారాడు. 2012లో కెంటకీకి టైటిల్ తెచ్చి అదే ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటివాడయ్యాడు. గేమ్‌లో కొద్దిమందికి 19 ఏళ్ల దాకా 2 నుంచి 5 అంగుళాలు పెరిగే అవకాశం పెట్టాం. గార్డు నైపుణ్యాలు అలాగే ఉండి ఎత్తు పెరిగితే విలువ ఒక్కసారిగా మారిపోతుంది.

కుర్రాడు ఎలా తేల్చుకుంటాడు

ఇదే గుండెకాయ, కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ప్రోగ్రామ్ పుట్టించిన కుర్రాడు: ఇండియానాపొలిస్, 6 అడుగుల 4 అంగుళాల గార్డు. వాడి మనసులో బరువులు ఇలా ఉన్నాయి: ఆడే సమయం 40 శాతం, ఇంటికి దగ్గర 25, కాలేజీ పేరు 20, డబ్బు 15. మూడు కాలేజీలు బరిలో ఉన్నాయి. ప్రతి అంశానికీ 10కి మార్కులు.

పర్డ్యూ: ఆడే సమయం 3, దగ్గర 8, పేరు 9, డబ్బు 7. మొత్తం 6.05.
బట్లర్: 8, 10, 6, 5. మొత్తం 7.65.
గొన్జాగా: 5, 1, 9, 7. మొత్తం 5.10.

ఎక్కువ మార్కులున్నదానికే వెళ్లిపోతే ఆట ముందే తెలిసిపోతుంది. అందుకని మార్కులను సాఫ్ట్‌మ్యాక్స్ అనే సూత్రంతో శాతాలుగా మార్చాలి. అందులో ‘ఉష్ణోగ్రత’ అనే విలువ పెరిగితే శాతాల మధ్య తేడా తగ్గుతుంది. అది 1 అయితే బట్లర్‌కు 78 శాతం, పర్డ్యూకు 16, గొన్జాగాకు 6. అదే 2 అయితే 58, 26, 16. వేసవిలో 2తో మొదలుపెట్టి, కాలేజీతో సంతకాలు చేసే సమయానికి 1కి దించుతున్నాం. మొదట్లో కుర్రాడి మనసు ఊగుతూ ఉంటుంది, పోను పోను గట్టిపడుతుంది.

ఇప్పుడు అదే వారం బట్లర్ ఇంకో గార్డుతో సంతకం చేయించుకుందనుకోండి. మన కుర్రాడికి అక్కడ ఆడే సమయం 8 నుంచి 4కి పడిపోతుంది. బట్లర్ మొత్తం 6.05, అచ్చంగా పర్డ్యూతో సమానం. రెండింటికీ 42 శాతం చొప్పున, గొన్జాగాకు 16. ఒక్క సంతకంతో లెక్క తలకిందులైంది. అందుకే ఆడే సమయాన్ని వారం మొదట్లో ఒకసారి లెక్కగట్టి ఊరుకోకూడదు. అలా చేస్తే ఒకే వారంలో ముగ్గురు పాయింట్ గార్డులు ఒకే కాలేజీలో చేరిపోతారు, ముగ్గురూ తమకే చోటు ఖాళీ ఉందనుకుంటూ. నిర్ణయాలను ఒక్కొక్కటిగా, వరస కలగాపులగం చేసి నడిపించి, ప్రతి సంతకం తర్వాత ఆ కాలేజీ మార్కులు తిరిగి వేయాలి.

డబ్బు మార్కును నేరుగా డాలర్లతో కట్టకండి. ఒక్క కాలేజీ 20 లక్షల డాలర్లు చూపిస్తే మిగతా అంశాలన్నీ చచ్చుబడిపోతాయి. రెట్టింపు అయినప్పుడల్లా 2 మార్కులు పెరిగేలా పెట్టాం: 25 వేలకు 0, 50 వేలకు 2, లక్షకు 4, 2 లక్షలకు 6, 4 లక్షలకు 8, 8 లక్షలకు 10. అక్కడితో ఆపు.

కోచ్ గడియారం, ఎన్‌సీఏఏ క్యాలెండర్

వారానికి కోచింగ్ సిబ్బంది మొత్తానికి 60 గంటలు. మెసేజ్ అరగంట, ఫోన్ గంట, మ్యాచ్ చూడటం 5, ఇంటికి వెళ్లడం 8, క్యాంపస్‌కు పిలవడం 10. 500 మైళ్లు దాటితే ప్రయాణానికి ఇంకో 4 గంటలు. సీజన్ నడుస్తుంటే 60 కాస్తా 25 అవుతుంది. 10వ తరగతి పూర్తయిన జూన్ 15 దాకా కోచ్ ఫోన్ చేయకూడదు, ఆ లోపు మ్యాచ్‌లు మాత్రం చూడచ్చు.

కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ క్యాలెండర్‌లో నాలుగు రకాల కాలాలున్నాయి. కాంటాక్ట్ కాలంలో అన్నీ చేయచ్చు. ఇవాల్యుయేషన్ కాలంలో ఆట చూడచ్చు గానీ క్యాంపస్ బయట కలిసి మాట్లాడకూడదు. క్వయట్ కాలంలో కలవాలంటే క్యాంపస్‌లోనే. డెడ్ కాలంలో ఎక్కడా ముఖాముఖి కుదరదు, ఫోనూ మెసేజీ మాత్రమే. కోడ్‌లో ఇది నాలుగు వరసల చిన్న పట్టిక. ఏ పని ఏ కాలంలో కుదురుతుందో బటన్ మీదే తెలియాలి. బటన్ నొక్కాక ‘కుదరదు’ అని చెబితే చిరాకు పుడుతుంది. సంతకాలు రెండు విడతలు, నవంబరులో ముందస్తు, ఏప్రిల్‌లో మామూలు. నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను (ఆ కాలేజీకే వస్తానని కుర్రాడు రాసిచ్చే పత్రం) 2024 అక్టోబరులో ఎత్తేశారు. పాత గేముల మెనూలు చూసి ఆ పేరు పెట్టేయకూడదు. ఇప్పుడున్నది ఆర్థిక సహాయ ఒప్పందం.

కాలేజీ మారితే ఆట మారాలి

డ్యూక్, కెంటకీ లాంటివాటికి పిలవడం కష్టం కాదు, నిలుపుకోవడం కష్టం. 2006 డ్రాఫ్ట్ నుంచి ఎన్‌బీఏలోకి వెళ్లాలంటే 19 ఏళ్లు నిండే ఏడాది అయి ఉండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూలు దాటి ఏడాది కావాలి. కాబట్టి మేటి కుర్రాళ్లు ఒక్క సీజన్ ఆడి పోతారు. ఏప్రిల్‌లో ఎందరు పోతారో నవంబరులోనే ఊహించి సంతకాలు చేయించాలి. ఐదుగురిని తెచ్చుకుంటే అందరికీ ఆడే నిమిషాలు చాలవు, ఇద్దరితో సరిపెడితే జట్టు ఖాళీ. ఆ ఊహ తప్పడమే ఈ కాలేజీల అసలు కష్టం.

ఐవీ లీగ్ 8 కాలేజీలకు ‘స్కాలర్‌షిప్ ఇవ్వు’ బటనే ఉండదు. క్రీడా స్కాలర్‌షిప్‌లు లేవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే సహాయమే. కాబట్టి ప్రతి కుర్రాడికీ ఆదాయ స్థాయి, మార్కులు రెండూ పుట్టించాలి. ఆదాయం తక్కువైతే హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌లలో దాదాపు ఉచితం, ఆదాయం బాగా ఎక్కువైతే ఖర్చు భారీ. మార్కులు తక్కువున్న కుర్రాడి పక్కన ఫోన్ బటన్ కూడా దండగే, అడ్మిషన్ ఆఫీసు దాటదు. ఈ వడపోతకు 1,600 మందిలో చాలా కొద్దిమందే మిగులుతారు. వాళ్లలో నాలుగేళ్లు ఉండేవాళ్లను పట్టుకుంటే మూడో ఏడు జట్టు కుదురుకుంటుంది. 2023 జాతీయ టోర్నమెంటులో 15వ సీడ్ (టోర్నమెంటు ర్యాంకు) ప్రిన్స్‌టన్ అరిజోనాను, మిస్సోరీని ఓడించి 16 జట్ల దశకు చేరింది. ఈ మోడల్‌లో అలాంటి సీజన్ అప్పుడప్పుడూ రావాలి.

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అకాడమీలు పూర్తిగా వేరు. చదువు ఉచితం, చదివినంత కాలం జీతం లాంటి భత్యం, చదువయ్యాక సైనిక సేవ. ఇంకో కాలేజీలో రెండేళ్లు చదివి వచ్చినవాడైనా మొదటి ఏడు నుంచే మొదలుపెట్టాలి. అందుకే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి తెచ్చుకోవడం ఇక్కడ కుదరదు. పోయేవాళ్లు మాత్రం ఉంటారు. రెండేళ్ల లోపు వెళ్లిపోతే సేవ బాకీ ఉండదు, మూడో ఏడు తరగతులు మొదలయ్యాక ఉంటుంది. కాబట్టి గేమ్‌లో రెండో ఏడు ముగియగానే పెద్ద ప్రమాదం, అది దాటినవాడు చివరిదాకా ఉంటాడు. డేవిడ్ రాబిన్సన్ నేవీలో ఉండగానే 7 అడుగులు దాటాడు. 1987లో డ్రాఫ్ట్‌లో మొదటివాడైనా సేవ పూర్తి చేసుకుని 1989లో శాన్ ఆంటోనియోకు ఆడాడు. అకాడమీల్లో ఎత్తు పెరిగే అవకాశానికి విలువ ఎక్కువ. ఎత్తైనవాళ్లు ముందే దొరకరు కాబట్టి.

మార్మన్ చర్చి నడిపే బీవైయూలో (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) చాలామంది రెండేళ్లు మత సేవకు వెళ్తారు. ఆ రెండేళ్లూ వయసు పెరగాలి, ఆడే హక్కు గడువు ఆగాలి, జట్టు లెక్కలో వాళ్లు ఉండకూడదు. తిరిగొచ్చేనాటికి చోటు ఉంటుందో లేదో చూసుకోవాలి. ఈ మూడు గడియారాలనూ ఒకే గడిలో పెడితే 20 ఏళ్లు దాటినవాడు మొదటి ఏడాది విద్యార్థిగా కనిపించకుండా మాయమవుతాడు. వేర్వేరు గడులు తప్పనిసరి.

సెయింట్ మేరీస్ ఆస్ట్రేలియాను నమ్ముకుంది. ప్యాటీ మిల్స్, మాథ్యూ డెల్లవెడోవా అక్కడే ఆడారు. గొన్జాగాలో లిథువేనియా ఆటగాడు డొమాంటస్ సబోనిస్, జపాన్ ఆటగాడు రుయి హచిమురా. దీనికి ‘దారి’ అనే అంకె పెట్టాం, దేశం-కాలేజీ జంటకు 0 నుంచి 10. ఒక ఆటగాడు వచ్చి బాగా ఆడితే 1 పెరుగుతుంది, ఎన్‌బీఏకి వెళితే ఇంకో 2. కొత్తవాళ్లు రాని ప్రతి ఏడాదీ ఒకటి తగ్గుతుంది. విదేశీ కుర్రాళ్ల డబ్బు లెక్క మాత్రం వేరుగా రాయాలి. వాళ్లు ఎక్కువగా ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉంటారు. ఆ వీసా మీద బయట పనికి ఎన్ని ఆంక్షలుంటాయో అమెరికాలో చదివిన పిల్లలున్న తెలుగు ఇళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అవే ఆంక్షలు ప్రకటనల డబ్బుకీ అడ్డం పడతాయి. గేమ్‌లో వీళ్లకు డబ్బు బరువును సగానికి కోసి, ఆ సగం ‘దారి’కి ఇచ్చాం.

బడ్జెట్ విషయంలో ఒక్క మాట. 2025-26లో ఒక కాలేజీ ఆటగాళ్లకు నేరుగా పంచగలిగేది అన్ని ఆటలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పెద్ద స్థాయి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఉన్నచోట సింహభాగం అటే పోతుంది. పెద్ద ఫుట్‌బాల్ లేని విల్లనోవా, సెయింట్ జాన్స్ లాంటి బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్సు కాలేజీలు బాస్కెట్‌బాల్‌కు ఎక్కువ పెట్టుకోగలవు. కాబట్టి బడ్జెట్‌ను కాన్ఫరెన్సు పేరు బట్టి కాక, కాలేజీకి ఫుట్‌బాల్ భారం ఎంతో చూసి వేయాలి.

కంప్యూటర్ నడిపే కాలేజీలు

వీటికి తెలివి లేకపోతే 360 జట్లూ ఆ పైనున్న 20 మంది వెంటే పడతాయి. నవంబరు అయ్యేసరికి సగం జట్లు ఖాళీ చేతులతో ఉంటాయి. దీనికి విరుగుడు ఆశించిన లాభం లెక్క: ఇప్పుడున్నవాడికంటే ఎంత మెరుగో, దాన్ని దొరికే అవకాశంతో గుణించడం. జట్టులో ఆ చోట 60 రేటింగ్‌వాడు ఉన్నాడు. 90 రేటింగ్ కుర్రాడు దొరికే అవకాశం 2 శాతం అయితే లాభం 0.6. 70 రేటింగ్‌వాడు 40 శాతం అవకాశంతో ఉంటే లాభం 4. ఈ లెక్క పెట్టాక చిన్న కాలేజీలు నేల విడిచి సాము చేయడం మానేశాయి. ఖాళీ చోటుకు నలుగురిని వెంటాడాలి. అవకాశం 5 శాతం లోపు పడితే వదిలేయాలి, ఆ గంటలు ఇంకొకరికి పోవాలి.

పోర్టల్ మాత్రం ఇంకా పూర్తిగా దారికి రాలేదు. 2018 అక్టోబరులో పోర్టల్ మొదలైంది. 2021లో ఒకసారి మారినా ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. 2024 నుంచి చదువు సక్రమంగా ఉంటే ఎన్నిసార్లైనా మారచ్చు. దీన్ని ఉన్నదున్నట్టు కోడ్‌లో పెడితే చిన్న కాలేజీలో బాగా ఆడిన ప్రతివాడూ మరుసటి ఏడాది పెద్ద కాలేజీలో తేలతాడు. అది నిజానికి దగ్గరే గానీ, చిన్న కాలేజీ కోచ్‌గా ఆడేవాళ్లకు చేయడానికేం మిగలదు. వెళ్లాలనే నిర్ణయాన్ని రెండు మెట్లుగా విడగొట్టాం. ముందు ‘ఇక్కడ అసంతృప్తి ఉందా’, తర్వాతే ‘బయట మెరుగైనది ఉందా’. ఆడే సమయం దొరికి, కోచ్ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే మొదటి మెట్టు దగ్గరే చాలామంది ఆగుతారు. మాట తప్పితే, ఉదాహరణకు మొదటి ఐదుగురిలో ఉంటావని చెప్పి కూర్చోబెడితే, అసంతృప్తి నేరుగా రెట్టింపు.

ఇంకో చిక్కు క్రమంలో ఉంది. పోర్టల్‌ను ఏప్రిల్ సంతకాల కంటే ముందు నడిపితే హైస్కూలు కుర్రాళ్లకు చోట్లు మిగలవు. తర్వాత నడిపితే జట్లు 15 దాటిపోతాయి. రెండింటినీ ఒకే వరసలో, రోజువారీగా కలిపి నడపాలి. అలా చేసినా మే నెలాఖరుకు కొన్ని జట్లలో తొమ్మిదిమందే మిగులుతున్నారు. వాటికి వాక్-ఆన్ ఆటగాళ్లను (స్కాలర్‌షిప్ లేకుండా చేరేవాళ్లు) పుట్టించి 12కి నింపుతున్నాం. వాళ్ల రేటింగ్ 35 నుంచి 45.

పరీక్ష

మనిషి ఎవరూ ఆడకుండా కంప్యూటర్‌నే వరసగా 30 సీజన్లు నడిపించి నాలుగు విషయాలు చూస్తున్నాం. ఏ జట్టైనా 15 దాటిందా. అకాడమీలోకి ఒక్కడైనా ట్రాన్స్‌ఫర్ వచ్చాడా, వస్తే అది బగ్. ఐవీలో స్కాలర్‌షిప్ గడి సున్నా కాకుండా ఎక్కడైనా ఉందా. 25, 30 సీజన్ల దగ్గర ఆటగాళ్ల సగటు సత్తా మొదటి సీజన్‌తో పోలిస్తే పెరిగిందా, తగ్గిందా. ఈ చివరిది బాగా గమనించాలి. ఎదుగుదల లెక్కలో చిన్న తేడా ఉన్నా ఏటికేడు పోగుపడి, పదిహేను సీజన్లకల్లా జట్లన్నీ దిగ్గజాలతో నిండిపోతాయి.

తర్వాతి పని కోచ్ మారినప్పుడు. కోచ్ వెళ్లిపోతే సంతకం చేసిన కుర్రాళ్లు తిరిగి బరిలోకి రావాలి, వాళ్లలో కొందరు కోచ్ వెంటే కొత్త కాలేజీకి పోవాలి. ఇందుకు ఆసక్తి పట్టికలో ‘కోచ్‌తో బంధం’, ‘కాలేజీతో బంధం’ అని రెండు అంకెలు కావాలి. ఇప్పుడున్నది ఒక్కటే. పాత సేవ్ ఫైళ్లు తెరుచుకోవాలంటే ఆ ఒక్క అంకెను 60, 40గా విడగొట్టి రాసే మార్పిడి స్క్రిప్టు ముందు తయారవ్వాలి.